నీరుగంటికి నీళ్లు పోసిన ఆదివారం

ఆగస్టు నెల మొదటి ఆదివారం, సాయంత్రం నాలుగు గంటల నలభై నిమిషాలు. నీడలో ఉష్ణోగ్రత ముప్పై ఏడున్నర డిగ్రీలు. గాలి పడమటి దిక్కునుంచి. ఆకాశంలో మూడు మేఘాలు, మూడూ ఉత్తవే. ఆ రోజుల్లో నేను కుర్రవాణ్ణి. వయసు అరవై ఒకటి. (పాఠకులు తొందరపడి నవ్వకూడదు, లెక్క చెబుతాను. ఇరవై ఆరో యేట ఉద్యోగంలో చేరిన మర్నాటి నుంచే నేను ముసలివాణ్ణయ్యాను. పదవీ విరమణ చేసిన మర్నాడు, పొద్దున లేవగానే వెళ్లవలసిన చోటంటూ ఏదీ లేకపోయేసరికి, మనిషికి పద్దెనిమిదో యేట పుట్టవలసిన వెర్రి నాకు అప్పుడు పుట్టింది.) ఇప్పుడు నాకు అరవై తొమ్మిది నడుస్తున్నది. మళ్లీ బుద్ధిమంతుణ్ణయ్యాను. కనుక ఆ కుర్రవాడు చేసిన పనిని పక్షపాతం లేకుండా రాయగలను.

ముందు నా ఉద్యోగం సంగతి. ముప్పై నాలుగేళ్లపాటు మండల కార్యాలయం ఆవరణలోని వర్షమాపకం చూసి, ప్రతి ఉదయం ఎనిమిదిన్నరకు ఆ కొలతను రిజిస్టరులో ఎక్కించడం నా పని. అనంతపురం జిల్లాలో ఆ పని తేలికని అందరూ అనేవారు. అది పొరపాటు. వాన పడిన రోజు ఎంత పడిందో ఎవరైనా రాస్తారు. పడని రోజు కూడా నిచ్చెన ఎక్కినంత జాగ్రత్తగా కొలత గాజులోకి తొంగిచూసి, సున్న, చుక్క, సున్న అని గుండ్రంగా రాసి సంతకం పెట్టడానికి నిష్ఠ కావాలి. ఆ నిష్ఠవల్లనే నాకు ఒక నమ్మకం ఏర్పడింది: కొలిచినది ఉన్నది, కొలవనిది లేదు. ఈ నమ్మకంతోనే నేను మా అక్క కొంపలో వేలు పెట్టాను.

అక్కా, బావా ముదిగుబ్బకు ఏడు కిలోమీటర్ల దూరంలో ఒక పల్లెలో ఉంటారు. బావకు ముప్పై ఎనిమిది గొర్రెలు. ఆ యేడు ఉగాది తరువాత ఆయన మోకాలు చెడింది. పొద్దున అక్క వేరుశనగ చేలో కలుపుకు పోతూ గొర్రెలను ఊరవతలి బీటిలో విడిచి వెళ్లేది. ఆకలిమీద ఉంటాయి కనుక పోవడానికి పేచీ పెట్టేవి కావు. సాయంత్రం తిరిగి రావడం దగ్గరే చిక్కు. కూలికి మనిషిని పెడదామంటే ఊళ్లోని కాళ్లు బలమున్నవాళ్లంతా బెంగళూరులో ఉన్నారు. నేను ఒకనాడు తోలడానికి వెళ్లాను. నిజం చెప్పాలంటే ఆనాడు నన్నే అవి తోలాయి. చివరికి అక్క ఒక మాట తేల్చింది.

"ఇంగ నావల్ల కాదు. చేలో పన్జేసి వచ్చి మళ్లా వీటెంట పరిగెత్తాలంటే నాకేమన్నా నాలుగు కాళ్లుండాయా? సోమవారం బేరగాన్ని రమ్మంటాండా. అన్నీ తోలిచ్చేస్తా."

బావ మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆ రోజు అన్నం తినలేదు, మర్నాడు ఒక పూట తిన్నాడు. (నేను గుర్తు పెట్టుకున్నాను.) నలభై ఏళ్లుగా గొర్రెల వెంట నడిచిన మనిషికి గొర్రెలు లేకపోతే ఏమవుతుందో కొలవడానికి నా దగ్గర గాజు లేదు గాని, ఆ వీపు చూస్తే తెలిసింది. వెంటనే నేను లేచి, "అక్కా, నాకు మూడు వారాలు గడువియ్యి. మనిషి కాళ్లతో పనిలేకుండా జీవాలు దొడ్డికి వచ్చేటట్టు చేస్తాను," అన్నాను. అక్క నన్ను పైనుంచి కిందికి చూసింది.

"సరేరా. ఆగస్టు మొదటి ఆదివారం పొద్దుగూకేలోగా ముప్పై ఎనిమిదీ దొడ్లో ఉండల్ల. ఒక్కటి తగ్గినా సోమవారం బేరగాడే."

నా ధైర్యానికి ఆధారం అటకమీద ఉంది. మేనల్లుడు బెంగళూరులో ఉద్యోగంలో చేరిన కొత్తలో మోజుపడి కొని, విసుగు పుట్టి ఇక్కడ పడేసిన రేడియో బండి అది. మూరెడు పొడవు, నాలుగు లావాటి చక్రాలు, చేతిలో మీట తిప్పితే నూరు గజాల దూరంలో అది పరుగెత్తుతుంది. వేపమండ చూపిస్తే గొర్రెలు ఎంతదూరమైనా వెంట వస్తాయని బావ చెప్పాడు. అయితే బండికి వేపమండలు కట్టి ముందు నడిపిస్తే సరి! నా ఆలోచనలో ఇంతవరకు తప్పేమీ లేదని ఈనాటికీ నా అభిప్రాయం. ఉన్న లోపమల్లా ఒక్కటే: బండిలోని వేగ నియంత్రకం కాలిపోయి ఉంది. ఈ వేగ నియంత్రకమంటే ఏమిటో చెప్పాలి. కాలువ కింద నీళ్లు ఎవరి మడికి ఎంత వదలాలో చూసే నీరుగంటి ఉంటాడు కదా. బ్యాటరీకీ మోటారుకూ నడుమ కూర్చుని, మనం తిప్పిన మీటను బట్టి కరెంటును అంతంత మాత్రమే వదిలే అగ్గిపెట్టెంత పరికరం అది. పాపం, నీరుగంటిలాగే వచ్చే వేడంతా తనే భరిస్తుంది. మోటారు ముళ్లకంపలో చిక్కుకుని గింజుకున్నప్పుడు మరీను.

అనంతపురంలో ఆ సరుకు అమ్మే దుకాణం ఒకటుంది. యజమాని శెట్టిగారు బల్లమీద రెండు పెట్టాడు.

"చూడండి సారూ. ఇది అరవై ఆంపియర్లు. ఒళ్లంతా జిగురు పోసి మూసినారు, బిందెలో ముంచినా ఏమీ కాదు. ఇంగ ఇదేమో మూడు నూర్ల ఇరవై. పైన రెక్కలుండాయి, ఫ్యానుండాది, గాలి బాగా ఆడతాది. అయితే తడి మాత్రం తగలగూడదు."

"మూడు వందల ఇరవై ఆంపియర్లు ఎన్ని సెకన్లపాటు?"

"సెకన్లా?"

"ఈ తీగ మందం చూసినారా? దీంట్లో మూడు వందల ఇరవై పారితే తీగా ఉండదు, మీ దుకాణమూ ఉండదు."

"సారూ, ఆ అంకె రాసినోడు చైనాలో ఉండాడు. నేను అనంతపురంలో ఉండా. నన్నడిగితే ఎట్ల?"

నేను ఆ అంకెను అయిదుతో భాగించాను. (ప్రకటనల్లోని ఏ అంకెనైనా అయిదుతో భాగించడం నా పద్ధతి.) అరవై నాలుగు వచ్చింది. రెండూ బలంలో సమానమే అన్నమాట. ఇక తేల్చవలసినది ఎండా, నీళ్లా అన్న ప్రశ్న ఒక్కటే. నా దగ్గర సొంత నోటుపుస్తకంలో ఎత్తి రాసుకున్న కొలతలున్నాయి. నా సర్వీసులోని ముప్పై నాలుగు ఆగస్టు మొదటి ఆదివారాల్లో వాన పడినవి నాలుగు. ఎండ కాయనిది ఒక్కటీ లేదు. శెట్టిగారికి ఆ పుట చూపించాను.

"నీళ్లకు ఆగేదే తీస్కోండి సారూ, నా మాట ఇనండి."

"నీళ్లు యాడినుంచి వస్తాయప్పా, ఈ జిల్లాలో?"

ఫ్యాను ఉన్నదే కట్టించుకుని, విజయగర్వంతో బస్సెక్కాను.

ఆ తరువాతి రెండు వారాలు నా జీవితంలో అత్యంత ఉజ్జ్వలమైనవని చెప్పడానికి సిగ్గుపడను. ప్రతి మధ్యాహ్నం మూడు గంటలకు బండిని ఎండలో నడిపించి, నియంత్రకానికి దారంతో ఉష్ణమాపకం కట్టి, నోటుపుస్తకంలో రాసుకునేవాణ్ణి. మొదటి రోజు నాలుగు నిమిషాలకే డెబ్బై తొమ్మిది డిగ్రీలకు ఎక్కి, తనను తాను కాపాడుకోవడానికి అది పని మానేసింది. ఫోనులో మేనల్లుడు, "మామా, మోటారు పండ్లచక్రం చిన్నది వెయ్యి. లాగుడు తగ్గుతాది, వేడి తగ్గుతాది," అన్నాడు. పందొమ్మిది పండ్లది తీసి పదమూడు పండ్లది వేశాను. డెబ్బై ఒకటికి దిగింది, వేగం కూడా గొర్రె నడకకు సరిపోయింది. ఆ మీదట అక్క ఇడ్లీ పాత్రలోని ఒక అల్యూమినియం రేకు (ఆమె చేనికి వెళ్లిన సమయంలో) కత్తిరించి నియంత్రకం రెక్కలకు బిగించాను; అరవై ఆరు. రేకుకూ రెక్కలకూ నడుమ పూయవలసిన లేపనం శెట్టి దగ్గర అయిపోయిందంటే నెయ్యి పూశాను. నెయ్యి పూసిన రోజు ఉష్ణోగ్రత రెండు డిగ్రీలు తగ్గింది, బండి వెంటపడే కుక్కలు నాలుగు పెరిగాయి. అందుచేత నెయ్యి మానేసి ఆముదం వాడాను.

అయినా ఎండ నేరుగా తగులుతున్నది. అప్పుడు నాకు శిక్షణ రోజులు జ్ఞాపకం వచ్చాయి. గాలి వేడిని కొలిచే ఉష్ణమాపకాలను ఎండలో పెట్టరు. తెల్లరంగు వేసిన చెక్కపెట్టెలో, నాలుగు వైపులా వాలుపలకలు అమర్చి, గాలి ఆడుతూ ఎండ సోకకుండా, నాలుగడుగుల కాళ్లమీద నిలబెడతారు. ఎండనుంచి ఒక వస్తువును కాపాడడానికి మానవజాతి కనిపెట్టిన పద్ధతుల్లో ఇంతకంటె మంచిది లేదని మాకు నేర్పారు. నేనూ అదే కట్టాను. నాలుగడుగుల కాళ్లతో బండి మొదటి మలుపులోనే వెల్లకిలా పడింది కనుక, విధిలేక శాస్త్రాన్ని జానెడు ఎత్తుకు తగ్గించాను. తెల్లటి చిన్న పెట్టె, వాలుపలకలు, పైన నాలుగు పలకలుగా వాలిన కప్పు, లోపల ఫ్యాను చప్పుడు, కప్పు చుట్టూ గుత్తులుగా వేపమండలు. యాభై ఎనిమిది డిగ్రీలు! బావ మంచం మీద నుంచి మెడ ఎత్తి చాలాసేపు చూశాడు.

"బామ్మర్దీ, అది బండి మాదిరి లేదప్పా."

"మరేం మాదిరి ఉండాది?"

"తెలీదు. ఏందో మొక్కబుద్ధి అయితాండాది."

ఆ మాటను కొలవడానికి వీల్లేదు కనుక పట్టించుకోలేదు. పట్టించుకొని ఉండవలసింది.

ఇక పైన చెప్పిన ఆదివారం. బీటినుంచి దొడ్డికి దూరం ఆరు వందల నలభై మీటర్లు, టేపుతో కొలిచాను. నడుమ ఊరి వీధి. నాలుగూ నలభైకి బండిని కదిలించాను. ముందు ఒక ముసలి గొర్రె ఆకును వాసన చూసింది, తరువాత రెండు, తరువాత తక్కినవన్నీ దాని వెనక బారులు తీరాయి. నేను దుమ్ములో నలభై అడుగుల వెనక, మీట పట్టుకుని, ఎవరికీ కనపడకుండా నడుస్తున్నాను. ఊళ్లోకి ప్రవేశించే సమయానికి నా గుండె ఎంత వేగంగా కొట్టుకుందో కొలవలేదు, చేతులు ఖాళీ లేక.

అక్కడే నా లెక్కలోకి రాని విషయం ఒకటి వీధిలో కాచుకుని ఉంది. ఆ యేడు వేరుశనగ ఊడలు దిగే వేళకు వాన మొహం చాటేసింది. అలాంటప్పుడు మా వైపు ఆడవాళ్లు రోకలికి కప్పను కట్టి, చుట్టూ వేపమండలు అలంకరించి, ఇంటింటికీ తిప్పుతారు. ప్రతి ఇంటివాళ్లూ దానిమీద చెంబెడు నీళ్లు పోయాలి. కప్ప తడిస్తే వాన వస్తుంది. సరిగ్గా ఆ ఆదివారం సాయంత్రమే కప్ప తిరుగుతుందని ఊరంతా చాటింపు వేసి ఉన్నారు. ఆ సంగతి అక్కకు తెలుసు, బావకు తెలుసు. నన్నెవరూ అడగలేదు, నేనెవరినీ అడగలేదు. (ఉష్ణోగ్రత అడగమంటే అడిగేవాణ్ణి.) వాకిళ్లలో చెంబులు పట్టుకుని నిలబడిన జనానికి వీధి మలుపులో కనిపించిందేమిటి? వేపమండల మధ్య ఒక తెల్లని చిన్న గుడి. మోసేవారు లేరు. లోపలినుంచి సన్నగా ఏదో గుయ్యిమంటున్నది. వెనక ముప్పై ఎనిమిది గొర్రెలు వినయంగా తలలు వంచుకుని నడుస్తున్నాయి.

మొదటి ఇంటి అవ్వ రెండు చేతులూ ఎత్తింది. "ఈ యేడు కప్పమ్మ తనంతట తానే నడ్సి వస్తాండాది! నీళ్లు తేండే!"

మొదటి చెంబు పడింది. నా ప్రాణం పోయింది గాని బండి ఆగలేదు. వాలుపలకలు వానను బయటికే జారవిడిచేటట్టు అమర్చినవి మరి. రెండో చెంబు. మూడో చెంబు. నేను దుమ్ములోనుంచి కేకలు వేశాను. "పోయద్దండి! నీళ్లు పోయద్దండి! అది కప్ప కాదు, వేగ నియంత్రకం!"

"ఎవురప్పా అది?"

"ఆ సున్నల సారు."

నడివయసామె ఒకతె చెంబు నడుముకు ఆనించుకుని నావైపు తిరిగింది. "ఏం సారూ, వానకు నువ్వే అడ్డమా? ముప్పై ఏండ్లు సున్నలు రాసింది సాల్లేదా? కప్పమ్మకు నీళ్లు పోస్తే కూడా నీకు కడుపుమంటనా?"

"అమ్మా, నేను పడినదే రాసినానమ్మా..."

"ఒగసారైనా ఒగటి ఎక్కువ రాసింటే దేవుడికి గుర్తొచ్చుండు కదా!"

పదకొండు ఇళ్లు గడిచాయి, పదకొండు చెంబులు. ఆ పదకొండు ఇళ్లపాటు నియంత్రకం ఎన్నడూ లేనంత చల్లగా ఉండి ఉంటుంది. కొలత తీయలేదు కనుక రాయను. పన్నెండో ఇంటి ఇల్లాలు భక్తిలో తక్కినవారిని మించిన మనిషి. చెంబు కాదు, బిందె తెచ్చింది. అదీ పైనుంచి పోయలేదు. పక్కనుంచి, పలకల సందుల్లోకి, చేతినిండా బలంతో విసిరింది.

ఫ్యాను ఆగింది. నీరుగంటి చచ్చిపోయాడు. అయితే తూము మూసి చావలేదు, బార్లా తెరిచి చచ్చాడు. బ్యాటరీలోని కరెంటంతా అడ్డూ ఆపూ లేకుండా మోటారుకు పారింది. మీటను నేను ఎటు తిప్పినా లాభం లేదు. తెల్లగుడి ఒక్క దూకు దూకి వీధి వెంబడి పరుగెత్తింది. ఆకు పారిపోతున్నదని గ్రహించిన గొర్రెలు దానివెంట పరుగెత్తాయి. "కప్పమ్మకు పూనకం వచ్చినాది!" అని జనం గొర్రెల వెంట పరుగెత్తారు. ఆ వెనక నేను. బండి మా బావ దొడ్డి వాకిలిని దాటిపోయి, కిందింట్లో ఉండే, ఊరంతా పెద్దమీసం అని పిలిచే ఆసామి దొడ్లోకి దూరి, ముళ్లకంపకు కొట్టుకుని, సన్నటి పొగ వదిలి ఆగింది. పెద్దమీసం తన అరవై గొర్రెలను అప్పుడే లోపలికి తోలుకుంటున్నాడు. మా ముప్పై ఎనిమిదీ వాటిలో కలిసిపోయి, వేపమండల మీద పడ్డాయి.

ఈ పెద్దమీసానికీ మా బావకూ ఒక పొట్టేలు ఎవరిదన్న విషయం మీద తొమ్మిదేళ్లుగా మాటలు లేవు. పశ్చిమాన సూర్యుడు జానెడు ఎత్తులో ఉన్నాడు. అక్క కొంగు నడుముకు చుట్టుకుని వచ్చి, దొడ్డినీ, పొగనూ, నన్నూ చూసి, "ఇడ్లీ రేకు కూడా దీంట్లోనే ఉండాదా?" అని మాత్రం అడిగింది. నేను లెక్క మొదలుపెట్టాను. కదిలే గొర్రెలను మొదటిసారి లెక్కిస్తే తొంభై నాలుగు, రెండోసారి నూట రెండు, మూడోసారి తొంభై ఏడు వచ్చాయి. మూడింటి సగటు తీయబోతుండగా వెనకనుంచి కర్ర చప్పుడు వినిపించింది.

బావ. నాలుగు నెలలుగా వాకిలి దాటని మనిషి, ఒక్కో అడుగుకూ ఆగుతూ, రెండు వందల అడుగులు నడిచి వచ్చాడు. దొడ్డి వాకిట్లో బండమీద కూర్చుని కర్ర అడ్డంగా పెట్టాడు.

"ఒగొగటే ఇడువు," అన్నాడు గాలితో చెప్పినట్టుగా.

పెద్దమీసం ఒక్కొక్కటే వదిలాడు. బావ గొర్రె మొహం చూసి కర్ర ఎత్తేవాడు, దించేవాడు. "మనది. మనది. నీది. ఇది నీ తెల్లమూతిదాని బిడ్డ, లోపలికి తోలు. మనది. దీని చెవి నీ కుక్క కొరికినాది, నీదే." అంకె అన్నది ఒక్కటీ పలకలేదు. మనవన్నవాటిని అక్క బావ దొడ్లోకి తోలుతూ పోయింది. ఒక నల్లచెవి గొర్రె దగ్గర ఆగాడు. "ఇది నాదీ కాదు, నీదీ కాదు. కణేకల్ తట్టునుంచి మేపుకి వచ్చిన మందలోది. ఎన్నాళ్లనుంచి ఉండాది నీకాడ?"

పెద్దమీసం మీసం తడుముకున్నాడు. "నాకేం తెలుసన్నా. నాలుగు నెల్లనుంచి కండ్లల్లో పొర. మాపటేళ ఏది యాదో కనపడదు. పోయినవి ఎన్నో, వచ్చినవి ఎన్నో..."

తొమ్మిదేళ్ల తరువాత అతను "అన్నా" అన్నాడు. బావ కర్ర దించడం మరిచిపోయాడు. పెద్దమీసం పొగ వస్తున్న నా తెల్లపెట్టెవైపు ఒకసారి చూసి, నావైపు ఒకసారి చూసి, తేల్చేశాడు.

"చూడన్నా. నీ కాళ్లు పన్జెయ్యవు, నా కండ్లు పన్జెయ్యవు, ఈ సారు బుర్ర పన్జెయ్యదు. జీవాలన్నీ నేను తోలుకుపోతా, తోలుకొస్తా. మాపటేళ నువ్వు ఈ బండమీద కూచొని ఎవురివి యావో చెప్పు. సాలదా?"

"ఆ పొట్టేలు మాత్రం నాదే," అన్నాడు బావ.

"సచ్చిపోయి ఏడేండ్లయినాది కదన్నా!"

"సచ్చినా నాదే."

"సరే, నీదే."

అక్క అక్కడే నిలబడి బేరగాడికి ఫోను చేసి, రావద్దప్పా అని చెప్పింది. నేను పెట్టె విప్పి చూశాను. ఇడ్లీ రేకు నల్లబడింది. ఆముదం కారుతోంది. నియంత్రకం రెక్కల కింద ఒక చిన్న కప్ప ముడుచుకుని కూర్చుని ఉంది. బీటిలో నీడ వెతుక్కుంటూ ఎక్కినదో, బిందె నీళ్లతో వచ్చినదో తెలియదు. ఎవరికీ చెప్పకుండా దాన్ని గట్టుమీద వదిలేశాను. చెబితే ఆ ఊళ్లో నా సైన్సుకు మిగిలిన గౌరవం కూడా పోయేది, లేదా మరీ ఎక్కువయ్యేది.

ఎనిమిదేళ్లయింది. బావ ఇప్పటికీ సాయంత్రం అయిదయ్యేసరికి ఆ బండమీద కూర్చుంటాడు, పక్కన పెద్దమీసం చుట్ట కాలుస్తూ పొట్టేలు తగాదాను కొద్దికొద్దిగా మళ్లీ రాజేస్తుంటాడు. ఆ అరవై ఒకటేళ్ల కుర్రవాడు, చేతిలో మీట, చంకలో నోటుపుస్తకం, దుమ్ములో కేకలు వేస్తూ పరుగెత్తిన ఆ మనిషి అప్పుడప్పుడు నాకు గుర్తుకొస్తాడు. ప్రతిదీ కొలిచాడు, ఏదీ అడగలేదు. వాడిమీద నాకు కోపం లేదు. ఈ వయసులో అంత వేగంగా పరుగెత్తడం నావల్ల కాదు.

రికార్డు కోసం: ఆ ఆదివారం పొద్దుగూకడానికి తొమ్మిది నిమిషాల ముందు మా బావ దొడ్డిలో ఉన్న గొర్రెలు ముప్పై ఎనిమిది.